నొక్కితే అర్థం చెప్పే బొమ్మ

జ్ఞానప్రకాశం ఇరవై ఆరేళ్లు బెంగళూరు పీణ్యలోని ఒకే ఫ్యాక్టరీలో ఒకే పని చేశాడు. ఇంజనీరు పెన్సిలుతో గీసిన డ్రాయింగు మీద పలుచటి కాగితం పరిచి, ఇంకు పెన్నుతో గీతకు గీత దిద్దేవాడు. ఆ కాగితం నుంచి తీసిన ప్రింట్లే మిషన్ల దగ్గరికి వెళ్లేవి. ఆ పని చేసేవాణ్ణి ట్రేసర్ అంటారు. ఆయన దిద్దిన అంకెలు అచ్చువేసినట్టుండేవి. ఎనిమిదిలో పై సున్న కింది సున్న కంటే వెంట్రుకవాసి చిన్నదిగా ఉండాలని ఆయన పట్టుదల. అది కుదరకపోతే కాగితం చించేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

1999 చివర్లో ఫ్యాక్టరీకి డ్రాయింగులు గీసే కంప్యూటర్లు వచ్చాయి. వాటి వెనకే ఇద్దరు కుర్ర ఇంజనీర్లు వచ్చారు. జ్ఞానప్రకాశం బల్లను స్టోర్సు గది పక్కకు జరిపారు. పాత డ్రాయింగులకు నంబర్లు వేసి బీరువాల్లో సర్దడం ఆయన కొత్త ఉద్యోగం. ఆయన్ని ఎవరూ పొమ్మనలేదు. కాని మధ్యాహ్నం మూడయ్యేసరికి చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

మరుసటి ఏడు జూన్‌లో ఒకరోజు యజమాని ఆదినారాయణప్ప ఆయన్ని తన గదికి పిలిపించాడు.

"ప్రకాశం, ఇంటర్నెట్ చూసినావా అప్పా?"

"పేరు విన్నాను సార్."

"జర్మనీ వాళ్లు అడగతాండారు, మీకు వెబ్‌సైట్ ఉండాదా అని. బయటోళ్లకిస్తే మన మిషన్ల చుట్టూ గులాబీపూలు అంటిస్తారు. నీ చెయ్యి నాకు తెలుసు. జాలహళ్ళి క్రాస్‌లో కోర్సు ఉండాదంట, సాయంత్రం ఆరింటికి. పోయి నేర్చుకో."

"నాకు నలభైతొమ్మిది సార్."

"అందుకే చెప్తాండా. చిన్నోళ్లకు నేర్పిస్తే నేర్చుకొని ఇంకోచోటికి ఎగిరిపోతారు."

అలా జ్ఞానప్రకాశం ఆ సోమవారం జాలహళ్ళి క్రాస్‌లో ఒక మందుల షాపు పైనున్న కంప్యూటర్ సెంటర్ మెట్లెక్కాడు. తరగతిలో పదకొండు మంది ఉన్నారు. ఆయన్ని మినహాయిస్తే అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. పాఠం చెప్పే ఫర్హానాకూ ఇరవై నాలుగే. గుంటూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, అది దొరికేదాకా ఇక్కడ చెబుతోంది.

మొదటిరోజు ఆమె నోట్‌ప్యాడ్‌లో నాలుగు వరుసలు టైప్ చేసి, వాటిని బ్రౌజర్‌లో తెరిచింది. తెల్లటి తెర మీద 'స్వాగతం' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు కనిపించాయి. పిల్లలంతా గబగబా టైప్ చేయడం మొదలుపెట్టారు. జ్ఞానప్రకాశం మాత్రం నోటుపుస్తకం తీసి, ఆ నాలుగు వరుసలనూ డ్రాయింగు మీద రాసే అక్షరాలతో నిదానంగా రాసుకున్నాడు.

ఫర్హానా ఆయన పక్కన ఆగింది. అంతకుముందు ఆమె ఫోనులో తెలుగు మాట్లాడటం విని, ఆయన ఆమెను తెలుగులోనే పలకరించాడు.

"అంకుల్, మీరు డైరెక్ట్‌గా సిస్టమ్‌లో టైప్ చేసేయొచ్చు కదా, బుక్‌లో ఎందుకు?"

"చేత్తో రాస్తేనే నాకు కనిపిస్తాది మేడమ్. చూడు, ఇక్కడ ఒక గుర్తు మొదలు, అక్కడ అదే గుర్తు అడ్డగీతతో ముగింపు. మధ్యలో ఉండేదానికి మాత్రమే ఆ మాట వర్తిస్తాది. అంతే కదా?"

"అవును. దాన్ని ట్యాగ్ అంటాం."

"మా డ్రాయింగులో కొలత గీత ఇట్లే ఉంటాది. ఈ కొసకొక బాణం, ఆ కొసకొక బాణం. ఒక బాణం మర్చిపోతే ఎంతవరకు కొలవాలో మిషన్ వాడికి తెలీదు."

ఫర్హానా ఆ పుస్తకంలోకి కాసేపు చూసింది. తాను చెప్పిన కోడ్ అంత అందంగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

మూడో తరగతిలో లింకులు వచ్చాయి. ఒక మాటకు గుర్తు తగిలిస్తే అది నీలంగా మారింది, కింద గీత పడింది. నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంది. జ్ఞానప్రకాశం చెయ్యెత్తాడు.

"దీన్ని నొక్కితే మనం ఆ పేజీ దగ్గరికి పోతామా, ఆ పేజీ మన దగ్గరికి వస్తాదా?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఫర్హానా మౌసు వదిలి ఆయన వైపు తిరిగింది. రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఆ పేజీ కాపీ ఒకటి మన దగ్గరికి వస్తుంది అంకుల్."

"అట్లయితే అందరూ 'ఆ సైట్‌కి పోయినా' అని ఎందుకంటారు?"

"అలా అలవాటైపోయిందంతే. నిజానికి ఎవరూ ఎక్కడికీ వెళ్లరు."

బస్సులో ఇంటికి వెళ్తూ ఆయన ఆ సంగతే ఆలోచించాడు. లింకంటే దారి కాదన్నమాట. స్టోర్సుకు రాసి పంపే చీటీ. ఫలానా బీరువాలో ఫలానా నంబరు కాగితం తెచ్చి ఇమ్మని రాస్తే కాపీ వస్తుంది, అసలుది బీరువాలోనే ఉంటుంది. ఆ పోలిక దొరికాక ఆయనకు ఎంత ఉత్సాహం వచ్చిందంటే, దాసరహళ్ళిలో దిగాల్సినవాడు రెండు స్టాపులు దాటిపోయి నడిచి వెనక్కి వచ్చాడు. ఆలస్యం ఎందుకయిందని భార్య ప్రేమకుమారి అడిగితే లింకు గురించి మొదలుపెట్టాడు. ఆమె ఓపిగ్గా విని, "సరే, మీరు ఎవరికీ చీటీ పంపకుండానే చారు చల్లారిపోతాండాది, తినండి" అంది.

తర్వాత బొమ్మలు. సెంటర్లోని స్కానర్ మీద ఫ్యాక్టరీ షెడ్డు ఫోటో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఫ్యాక్టరీ పేరు, దాని కింద ఫోటో, ఆ కింద ఏమేం తయారుచేస్తారో, చివర్లో 'మమ్మల్ని సంప్రదించండి' అని రెండో పేజీకి లింకు. సెంటర్లో అంతా చక్కగా కనిపించింది. పేజీలు రెండూ ఫ్లాపీలో ఎక్కించుకుని మర్నాడు ఆదినారాయణప్ప గదికి తీసుకెళ్లాడు. ఇంజనీర్లను కూడా పిలిపించారు.

పేజీ తెరుచుకుంది. పేరు బాగానే వచ్చింది. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ చదరం, అందులో ఒక చిన్న ఎర్ర ఇంటూ గుర్తు.

ఫ్యాక్టరీలో పనికిరాని పార్టుల మీద ఇన్‌స్పెక్షన్ వాళ్లు ఎర్ర రంగుతో వేసే గుర్తు కూడా అదే. ఆదినారాయణప్ప కళ్లద్దాలు సర్దుకుని దాన్ని చూశాడు.

"ఏమప్పా, మన ఫ్యాక్టరీనే రిజెక్ట్ చేసేసినావే!"

ఇంజనీర్లు నవ్వారు. ఆదినారాయణప్ప కూడా నవ్వాడు, కోపం లేదు. జ్ఞానప్రకాశం ఫ్లాపీ తీసుకుని తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చెవులు వేడెక్కాయి. ఆ సాయంత్రం పాఠం మొదలవకముందే ఫర్హానా దగ్గరికి వెళ్లాడు.

"ఇక్కడ కనిపించింది, అక్కడ కనిపించలేదు. బొమ్మ దోవలో యాడన్నా పడిపోయిందా?"

ఆమె ఫ్లాపీ తెరిచి చూసింది. "మీరు పేజీలు మాత్రమే కాపీ చేశారు. ఫోటో ఫైల్ తేలేదు."

"ఫోటో పేజీలోనే ఉండాది కదమ్మా. నేను కళ్లారా చూసినా."

"లేదంకుల్. పేజీలో బొమ్మ ఎప్పుడూ ఉండదు. బొమ్మ ఎక్కడుందో ఆ అడ్రస్ మాత్రమే ఉంటుంది. మీరు చూసినప్పుడు బ్రౌజర్ వెళ్లి తెచ్చి అక్కడ అతికిస్తుంది. పైగా మీరు ఈ మిషన్‌లోని సి డ్రైవ్ అడ్రస్ ఇచ్చారు. మీ ఫ్యాక్టరీ కంప్యూటర్లో అదెక్కడ దొరుకుతుంది?"

జ్ఞానప్రకాశం కుర్చీలో వెనక్కి వాలాడు. పొద్దుటి అవమానం ఆ క్షణాన పోయింది. పేజీ అంటే వస్తువులు నింపిన సంచీ కాదు, ఏది ఎక్కడ దొరుకుతుందో రాసిన పట్టీ. డ్రాయింగులో 'నాలుగో భాగానికి వేరే షీటు చూడు' అని రాస్తారు. ఆ షీటు పంపడం మరిచిపోతే మిషన్ వాడేం చేస్తాడు?

"అంటే, పేజీ, బొమ్మ ఒకే ఫోల్డర్లో పెట్టి, పేరు మాత్రం రాస్తే చాలు కదా? ఫోల్డర్ ఎక్కడికి పోయినా రెండూ కలిసి పోతాయి."

"కరెక్ట్! దాన్ని రిలేటివ్ పాత్ అంటారు. అది నెక్స్ట్ వీక్ పాఠం," అంది ఫర్హానా ఆశ్చర్యపోతూ.

రెండోసారి పేజీ సరిగ్గా తెరుచుకుంది. జూలై నెలాఖరుకు ఫ్యాక్టరీ వెబ్‌సైట్ ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. పూలు లేవు. ఆదినారాయణప్పకు నచ్చింది. జ్ఞానప్రకాశాన్ని పంపిన పని పూర్తయింది. కాని ఆయన తరగతికి వెళ్లడం మానలేదు.

ఆగస్టులో ఫ్యాక్టరీలో ఒక గొడవ జరిగింది. విదేశీ కంపెనీకి పంపాల్సిన ఇనుప బ్రాకెట్లు నూట ఎనభై, అన్నీ తప్పుగా తయారయ్యాయి. కుడివైపు ఉండాల్సిన గాడి ఎడమవైపు వచ్చింది, అద్దంలో చూసినట్టు. మిల్లింగ్ మిషన్ మీద వాటిని కోసినవాడు చిక్కమునియప్ప. మాలూరు దగ్గర పల్లెనుంచి వచ్చి పదకొండేళ్లుగా అక్కడే పనిచేస్తున్నాడు. చేతిపనిలో అతనికి సాటి లేరు. ఇంజనీర్లు డ్రాయింగు మూలనున్న చిన్న గుర్తును చూపించి అతన్ని నలుగురిలో తిట్టారు. అతను తలవంచుకుని నిలబడ్డాడు.

ఆ డ్రాయింగును జ్ఞానప్రకాశమే దిద్దాడు. విదేశం నుంచి వచ్చిన ప్రింటు చిరిగిపోయి ఉంటే, కంప్యూటర్లో ఎక్కించే తీరిక ఇంజనీర్లకు లేక, ఆయనకిచ్చారు. మూలనున్న గుర్తు, కొస తెగిన శంకువు బొమ్మ, దాని పక్కన ఒకదానిలో ఒకటి రెండు వలయాలు, ఆయన ఎంతో శ్రద్ధగా దిద్దాడు. మన దేశంలో వస్తువును కుడివైపు నుంచి చూసిన బొమ్మను ఎడమవైపు గీస్తారు. కొన్ని దేశాల్లో కుడివైపే గీస్తారు. ఏ పద్ధతిలో గీశారో ఆ చిన్న గుర్తు చెబుతుంది; ఈ బ్రాకెట్ డ్రాయింగు రెండో పద్ధతిది. అది ఆయనకు తెలుసు. తెలియనివాళ్లు ఉంటారని మాత్రం ఎన్నడూ తోచలేదు.

సాయంత్రం గేటు బయట టీ అంగడి దగ్గర చిక్కమునియప్పను పట్టుకున్నాడు.

"చిక్కా, ఆ మూలలో గుర్తు నువ్వు చూళ్లేదా అప్పా?"

"చూసినాను. ప్రతి డ్రాయింగులో ఉంటాది కదా. కంపెనీ ముద్ర అనుకొంటి."

"పదకొండేళ్లుగానా?"

చిక్కమునియప్ప టీ గ్లాసు చేతుల మధ్య తిప్పాడు. "పదకొండేళ్లుగానే."

"ఎవరినన్నా అడిగుండొచ్చు కదా."

"మొదటి నెలలో అడిగుంటే అడిగినట్లు అన్నా. ఏడాదైనాక ఎట్ల అడిగేది? ఇన్నాళ్లు ఏం చూసి చేసినావు అంటారు. పదేళ్లయినాక నోరే రాదు. నేనొక్కణ్ణే కాదు. లోపలుండే సగం మందికి సగం గుర్తులు తెలీవు. అందరూ తల ఊపతారు, అంతే."

జ్ఞానప్రకాశం ఆ వారం ఇదే ఆలోచనలో ఉన్నాడు. మనిషిని అడగడానికి సిగ్గు. మరి పేజీని అడగడానికి? అది నవ్వదు, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు. ఒక డ్రాయింగు బొమ్మ పెట్టి, అందులో ఏ గుర్తు మీద నొక్కితే ఆ గుర్తు అర్థం చెప్పే పేజీ తెరుచుకోవాలి. అయితే తను నేర్చుకున్నది మొత్తం బొమ్మకు ఒకే లింకు పెట్టడం. ఒకే బొమ్మలో ఇరవై చోట్ల ఇరవై లింకులు ఎలా?

దారి సెంటర్లోనే దొరికింది. ఇంటర్నెట్ ఉన్న ఒకే ఒక కంప్యూటర్ మీద ఎవరో దేశపటం ఉన్న సైటు తెరిచారు. ఆ పటంలో ఏ రాష్ట్రం మీద నొక్కితే ఆ రాష్ట్రం పేజీ వస్తోంది. జ్ఞానప్రకాశం ఆ కుర్రాడు లేచేదాకా వెనకే నిలబడి, తర్వాత ఫర్హానాను పిలిచాడు.

"బొమ్మ ఒకటే ఉండాది, మౌసు చెయ్యి గుర్తు మాత్రం చోటుకొక పేజీ చూపిస్తాది. ఇదెట్లమ్మా?"

"దాన్ని ఇమేజ్ మ్యాప్ అంటారు. సిలబస్‌లో లేదంకుల్. నేను కూడా ఎప్పుడూ చేయలేదు."

"పేజీ వెనకవైపు చూసే దోవ చెప్పినావు కదా, మొన్న."

ఆమె సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, తెరిచింది. గుర్తుల మధ్య అంకెలు వరసలు వరసలుగా ఉన్నాయి. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని చూశారు. ప్రతి చోటుకూ నాలుగు అంకెలు: ఎడమనుంచి ఎంత, నిలువుగా ఎంత, ఆ చదరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో. జ్ఞానప్రకాశం ముఖం వెలిగిపోయింది. ఇరవై ఆరేళ్లుగా ఆయన చేసిందంతా ఇదే. పెన్ను తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు.

పది రోజులు ఇంట్లో కూర్చుని కొలతలు తీశాడు. బ్రాకెట్ డ్రాయింగునే ఎంచుకుని, స్కాన్ చేసిన బొమ్మ వెడల్పు ఆరువందల చుక్కలు, ఎత్తు నాలుగువందల చుక్కలు అని తెలుసుకుని, కాగితం మీద స్కేలుతో కొలిచి, ఆ లెక్కలోకి మార్చాడు. పద్దెనిమిది గుర్తులకు పద్దెనిమిది చదరాలు. సెంటర్లో అంతా టైప్ చేసి, పై భాగంలో ఉన్న రంధ్రం మీద నొక్కాడు. అడుగున ఉన్న అంచు పేజీ తెరుచుకుంది. అడుగు అంచు మీద నొక్కితే పైన రంధ్రం పేజీ వచ్చింది.

ఫర్హానా అంకెలన్నీ ఒకసారి సరిచూసింది. "కోడ్‌లో మిస్టేక్ లేదంకుల్. ఎందుకిలా వస్తోందో నాకూ అర్థం కావట్లేదు."

ఆయన మౌసు అందుకున్నాడు. ఎడమ మూల మీద నొక్కాడు, కుడి మూల మీద నొక్కాడు. పక్కలు సరిగ్గానే ఉన్నాయి. తలకిందులైంది పైకీ కిందికీ మధ్యే. చాలాసేపు తెర వైపే చూసి, హఠాత్తుగా బల్ల మీద కొట్టాడు.

"నేను కిందినుంచి కొలిచినానమ్మా! మా డ్రాయింగులో ఎప్పుడూ కింది ఎడమ మూలే సున్న. ఇది పైనుంచి లెక్కపెడతాండాది. చదివేవాడు పైనుంచి మొదలుపెడతాడు, కట్టేవాడు కిందినుంచి మొదలుపెడతాడు. ఇది చదివేవాళ్ల మిషన్!"

ప్రతి ఎత్తునూ నాలుగువందల్లోంచి తీసేసి మళ్లీ టైప్ చేశాడు. రంధ్రం మీద నొక్కితే రంధ్రం వచ్చింది. అప్పుడు ఫర్హానా ఆ బొమ్మను పెయింట్ ప్రోగ్రాంలో తెరిచి, మౌసును కదిపి, కింది మూలలో వాటంతటవే మారుతున్న అంకెలు చూపించింది. పది రోజులు స్కేలుతో కొలిచిన లెక్కలన్నీ అక్కడ ఉచితంగా ఉన్నాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తరగతంతా తలలు తిప్పి చూసేలా నవ్వారు.

ఇక పేజీల్లో ఏం రాయాలన్నది మిగిలింది. కంప్యూటర్లో తెలుగు, కన్నడ అక్షరాలు కుదిరేవి కావు. ఒక మిషన్‌లో కనిపించింది ఇంకో మిషన్‌లో చెత్తగీతల్లా వచ్చేది. జ్ఞానప్రకాశం దానికి పెద్దగా బాధపడలేదు. కన్నడం బడిలో నేర్చుకున్నాడు, తెలుగు చర్చిలో నేర్చుకున్నాడు. చేత్తో రాసి, ఆ రాతనే బొమ్మగా స్కాన్ చేసి పెడితే సరి.

అసలు కష్టం వేరే చోట ఎదురైంది. రాయడానికి కూర్చుంటే కొన్ని గుర్తుల గురించి తనకే సరిగ్గా తెలియదని తేలింది. పేర్లు తెలుసు, ఏ మందం పెన్నుతో గీయాలో తెలుసు. ఎందుకో తెలియదు. ఉపరితలం మీద వేసే చిన్న త్రికోణాలనే తీసుకుంటే, ఒకటి ఉంటే గరుకు, రెండుంటే నున్నన, మూడుంటే ఇంకా నున్నన. ఎంత నున్నన? వేల త్రికోణాలు గీసిన మనిషి ఆ మాట దగ్గర ఆగిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మిల్లింగ్ మిషన్ దగ్గరికి వెళ్లాడు. అన్నేళ్లలో ఆ మిషన్ దగ్గర ఐదు నిమిషాలకు మించి నిలబడింది లేదు. నూనె వాసన, వేడి ఇనుప రజను. చిక్కమునియప్ప మిషన్ ఆపాడు.

"చిక్కా, ఈ మూడు త్రికోణాలు నేను గీస్తానే, అవి నీ చేతికి ఎట్ల తెలుస్తాయి?"

చిక్కమునియప్ప ఆయన్ని వింతగా చూశాడు. "నీకు తెలీదా అన్నా?"

"తెలీదప్పా. గీయడం తెలుసు, అంతే."

చిక్కమునియప్ప మూడు ముక్కలు తీసి వరసగా పెట్టాడు. జ్ఞానప్రకాశం చెయ్యి పట్టుకుని, బొటనవేలి గోరుతో ఒక్కోదాని మీదా గీయించాడు.

"ఒకటైతే గోటికి తగుల్తాది. రెండైతే కంటికి కనిపిస్తాది, గోటికి తగలదు. మూడైతే కంటికీ కనిపించదు."

జ్ఞానప్రకాశం ఆ మూడు వాక్యాలనూ ఒక్క అక్షరం మార్చకుండా రాసుకున్నాడు. ఆ తర్వాత రోజూ మూడింటికి అక్కడికే వెళ్లేవాడు. ఒక గుర్తు ఆయన చెబితే, ఇంకో గుర్తు చిక్కమునియప్ప చెప్పేవాడు. మూలనున్న శంకువు, వలయాల సంగతి ఆయన ఒక బెండకాయను కోసి, ముక్కను కాగితం మీద అటూ ఇటూ దొర్లించి చూపించాడు. చిక్కమునియప్ప ముక్కను తన చేతుల్లోకి తీసుకుని మూడుసార్లు దొర్లించి, "ఇంతేనా?" అన్నాడు. ఆ గొంతులో పదకొండేళ్ల బరువు దిగిన చప్పుడు వినిపించింది.

పేజీలు దాదాపు పూర్తయ్యాక ఒక గుర్తు మిగిలిపోయింది. కొన్ని డ్రాయింగుల్లో ఒక అంచుకు బయటగా, దానికి సమాంతరంగా మందమైన గీత ఉంటుంది. పొడుగు ముక్క, చుక్కలాంటి ముక్క, మళ్లీ పొడుగు ముక్క. చిక్కమునియప్పకు తెలియదు. ఇంజనీర్లను అడిగితే ఒకతను పుస్తకంలో చూసి చెబుతానన్నాడు, చూడలేదు. ఇంకొకతను ఆ పాతవి ఇప్పుడెవరు వాడుతున్నారన్నాడు.

"ఆ లింక్ తీసేయండి అంకుల్," అంది ఫర్హానా. "లేకపోతే 'అండర్ కన్‌స్ట్రక్షన్' అని పెట్టండి. గుంత తవ్వుతున్న మనిషి బొమ్మ ఉంటుంది, అందరూ అదే పెడతారు."

"కట్టడం లేదు కదమ్మా, తవ్వడమూ లేదు. తెలీదు, అంతే."

ఆ పేజీలో ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ ఇలా రాశాడు: 'ఈ గుర్తుకు అర్థం నాకు తెలియదు. తెలిసినవాళ్లు స్టోర్సు పక్కన నా బల్ల దగ్గరికి వచ్చి చెప్పండి. జ్ఞానప్రకాశం.'

ఇన్‌స్పెక్షన్ గదిలో ఎవరూ వాడని పాత కంప్యూటర్ ఒకటి ఉంది. అక్టోబరు మొదటివారంలో ఫోల్డర్‌ను దానిలోకి ఎక్కించాడు. ఆదినారాయణప్ప వచ్చి చూశాడు.

"దీనికి ఇంటర్నెట్ లైను యాడుంది ప్రకాశం?"

"అక్కరలేదు సార్. పేజీలు, బొమ్మలు అన్నీ ఈ ఫోల్డర్లోనే ఉండాయి."

ఆదినారాయణప్ప త్రికోణం మీద నొక్కాడు. గోటి సంగతి చదివి, తన బొటనవేలి గోరు వైపు చూసుకున్నాడు. ఇంకొకటి నొక్కాడు, ఇంకొకటి. పావుగంట తర్వాత లేస్తూ, "ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీ నడిపిస్తాండా, నాకూ రెండు తెలీవు. ఏవో చెప్పను" అని వెళ్లిపోయాడు.

మొదట్లో ఎవరూ రాలేదు. తర్వాత టీ విరామంలో ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఎవరైనా ఉంటే, గడియారం చూడ్డానికి వచ్చినట్టు నటించి వెళ్లిపోయేవారు. ఎవరూ లేకపోతే కూర్చునేవారు. మౌసు మీద నూనె వేళ్ల గుర్తులు రోజూ కొత్తవి పడేవి. జ్ఞానప్రకాశం వాటిని తుడిచేవాడు కాదు. నవంబరులో అదే విదేశీ కంపెనీ నుంచి ఇంకో డ్రాయింగు వచ్చింది. చిక్కమునియప్ప దాన్ని తీసుకుని నేరుగా ఇన్‌స్పెక్షన్ గదికి వెళ్లాడు. అందరూ చూస్తుండగానే మూల గుర్తు మీద నొక్కి, పేజీ చదివి, చేతిలో కాగితంతో పోల్చి చూసుకుని మిషన్ దగ్గరికి వెళ్లాడు. ఈసారి గాడి ఉండాల్సిన వైపే వచ్చింది. ఆ తర్వాత గడియారం చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గి, కుర్చీ కోసం నిలబడేవాళ్లు పెరిగారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మునిరాజు జ్ఞానప్రకాశం బల్ల దగ్గరికి వచ్చాడు. షెడ్డు వెనక కొలిమి దగ్గర ఇనుమును కాల్చి నూనెలో ముంచే పని అతనిది. ఎవరితోనూ కలిసేవాడు కాదు. అతని గొంతు ఎలా ఉంటుందో జ్ఞానప్రకాశానికి గుర్తులేదు. కనుబొమలు వేడికి మాడి పలుచబడ్డాయి.

"ఆ పేజీలో నీకు తెలీదని రాసినావంట."

"అవునప్పా. ఆ మందం గీత."

"అది మాది," అన్నాడు మునిరాజు. "ఆ గీత ఎంత పొడుగుంటే అంతవరకే గట్టిపరచాల. మిగిలింది మెత్తగానే ఉండాల. అంతా గట్టిపడితే దెబ్బ తగిలినప్పుడు విరిగిపోతాది. కొస అరగకూడదు, ఒళ్లు విరగకూడదు. దానికే ఆ గీత."

జ్ఞానప్రకాశం చేతిలో పెన్ను ఉంది, రాయడం మర్చిపోయాడు. ఆ గీత ఎన్నివందల సార్లు గీశాడో.

"మెత్తగా ఉండాల్సిన చోటికి వేడి పోకుండా ఎట్ల ఆపుతావు?"

మునిరాజు చెప్పబోయి, మాటలు దొరక్క చేతులతో గాల్లో ఏదో చూపించాడు. కుదరలేదు. తల అడ్డంగా ఊపాడు.

"చెప్తే తెలీదన్నా. రా, చూపిస్తాను."

జ్ఞానప్రకాశం నోటుపుస్తకం చంకలో పెట్టుకుని, అతని వెనకే షెడ్డు వెనక్కి నడిచాడు.